ప్రోగ్రెసివ్ అద్దాలు కుదరాలంటే: చుక్క పెట్టకుండా ఆర్డరు ఇవ్వకండి

దక్షిణ ఒడిశాలో, బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు మనవాళ్ళలో యాభై దాటినవాళ్ళని కదిపితే ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ప్రోగ్రెసివ్ వేయించాను గానీ నాకు పడలేదు." దూరం, మధ్య, దగ్గర మూడూ గీత లేకుండా ఒకే బిళ్ళలో చూపించే అద్దాలవి. వేలు పోసి చేయించిన జోడు బీరువాలో ఉంటుంది. మనిషి పాత బైఫోకల్‌తోనే తిరుగుతుంటాడు. కంటి వల్లే పడని కేసులు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను. ఎక్కువసార్లు మాత్రం తేడా అంతా రెండు మూడు మిల్లీమీటర్లలో ఉంటుంది. లెన్సు మంచిదే, నంబరూ సరైనదే. ఆ లెన్సుని ఆ ఫ్రేములో, ఆ ముఖం మీద ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం ఎవరూ కంటిపాప ఎదురుగా బిళ్ళ మీద చుక్క పెట్టి సరిగ్గా కొలిచి ఉండరు.

అందుకని ఏ కంపెనీ లెన్సు మంచిదన్న చర్చ జోలికి ఈ పోస్టులో పోను. కొలత తప్పిన ఖరీదైన లెన్సు కన్నా కొలత కుదిరిన మామూలు లెన్సు నయం.

ముందు ఆ బిళ్ళలో ఏముందో చూద్దాం. పై భాగంలో దూరపు నంబరు ఉంటుంది. అక్కడినుంచి కిందికి పవర్ కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చి, డిజైన్‌ని బట్టి 11 నుంచి 16 మి.మీ. దిగాక దగ్గర చూపు నంబరు పూర్తిగా వస్తుంది. మధ్యలో ఉన్న ఈ దారిని కారిడార్ అంటారు. దూరం నంబరు -1.00, ఆడ్ (దగ్గర చూపు కోసం దూరం నంబరుకి కలిపే పవర్) +2.00 అనుకోండి. అడుగున ఉండేది +1.00, నడి మధ్యలో ఇంచుమించు సున్నా. ఆ సున్నా దగ్గరే మీకు కంప్యూటరు తెర, కొట్లో కౌంటరు, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కనిపించాలి. ఈ రకం అద్దాల్లో బజారులో నిలబడ్డ మొదటిది ఫ్రాన్స్‌లో బెర్నార్ మెతెనాజ్ తయారుచేసిన వారిలక్స్. అది 1959లో వచ్చింది.

గీత లేకుండా పవర్ మారుస్తున్నందుకు ఒక మూల్యం ఉంది. కారిడార్‌కి రెండు పక్కలా వంకర చూపు వచ్చి తీరుతుంది. ఎంత వస్తుందో 1963లో మింక్విట్జ్ అనే జర్మన్ గణితవేత్త లెక్క కట్టాడు. కారిడార్ వెంట పవర్ ఎంత వేగంగా పెరుగుతుందో, పక్కలకి అనవసరపు సిలిండర్, అంటే ఆ వంకర చూపుని తెచ్చే పవర్, దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుంది. ఎంత ఖరీదు పెట్టినా ఈ లెక్కని తప్పించుకోలేరు. మంచి డిజైన్ చేసేదల్లా ఆ మసకని ఎక్కడికి నెట్టాలో తెలివిగా చూసుకోవడమే.

దీన్ని అంకెల్లో పెట్టి చూడండి. ఆడ్ 2.00, కారిడార్ 14 మి.మీ. అయితే, పక్క మసక 0.50 దాటకుండా ఉండే దారి వెడల్పు సుమారు మూడున్నర మి.మీ. అదే ఆడ్ 1.00 అయితే ఏడు మి.మీ. నలభై రెండేళ్ళకి మొదటిసారి వేయించుకున్నవాడికి ఏ ఇబ్బందీ లేకపోవడానికీ, అరవై ఏళ్ళకి మొదలుపెట్టిన ఆయన నానా అవస్థా పడడానికీ కారణం ఇదే. పొలం గట్టు మీద నడిచినట్టు, గట్టు సన్నమయ్యేకొద్దీ అడుగు సూటిగా పడాలి. మూడున్నర మి.మీ. గట్టు మీద పీడీ (కంటిపాపల మధ్య దూరం) రెండు మి.మీ. తప్పితే ఒక కన్ను బురదలో ఉన్నట్టే.

కంటి పరీక్ష దగ్గర

పరీక్ష కోసం విశాఖో భువనేశ్వరో వెళ్ళేవాళ్ళు మన వైపు చాలామంది. రెండు చోట్లా ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఆస్పత్రులు ఉన్నాయి, ఊళ్ళోనే చూపించుకునేవాళ్ళూ ఉన్నారు. ఎక్కడైనా సరే, చీటీలో దూరం నంబరు, సిలిండర్, యాక్సిస్ (ఆ సిలిండర్ ఏ కోణంలో ఉండాలన్నది), ఆడ్ స్పష్టంగా రాయించుకోండి. ఆడ్ ఎంతన్నది మీరు చదివే దూరాన్ని బట్టి ఉంటుంది. 40 సెం.మీ. దూరంలో చూడ్డానికి మొత్తం కావలసిన బలం 2.50, 33 సెం.మీ. అయితే 3.00. వయసుని బట్టి అందులో కొంత కన్నే ఇస్తుంది, మిగతాది ఆడ్.

మనకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. ఇక్కడి కొట్లలో, ఆస్పత్రుల్లో దగ్గర చూపు కార్డు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఇంట్లో తెలుగు పేపరు, పంచాంగం చదివే పెద్దావిడ ఒడియా అక్షరాలు కూడబలుక్కుంటూ "ఆఁ, కనిపిస్తోంది" అంటే ఆ ఆడ్‌ని నమ్మలేం. మీరు రోజూ చదివేదే ఒకటి పట్టుకెళ్ళండి. తెలుగు పేపరు, మందుల పెట్టె, లెక్కల పుస్తకం, సెల్‌ఫోను, ఏదైనా సరే. పరీక్షకి వాడే ట్రయల్ ఫ్రేము పెట్టాక, తెచ్చుకున్నదాన్ని ఇంట్లో పట్టుకునే దూరంలోనే పట్టుకుని చదవండి. పరీక్ష చేసేవారు కార్డుని మీ ముక్కు దగ్గరికి తెస్తే "నేను ఇంత దగ్గర పట్టుకోనండీ" అని చెప్పాలి. అక్కరలేని 0.25, 0.50 ఆడ్ ఎక్కించుకుంటే దగ్గర అక్షరం ముద్దుగా కనిపిస్తుంది గానీ, కారిడార్ ఆ మేరకు సన్నబడుతుంది, కంప్యూటరు దూరం కరిగిపోతుంది. బలమైన ఆడ్ అడిగి వేయించుకోవడం అంత మంచి పని కాదు.

మగ్గం మీద పట్టు నేసేవాళ్ళకి, బంగారం పని చేసేవాళ్ళకి, మిషను కుట్టేవాళ్ళకి చేతి దూరం టేపుతో కొలిచి చెప్పడం మేలు. అంచనాగా చెప్పే దూరానికీ అసలు దూరానికీ పది సెంటీమీటర్లు తేడా ఉండడం మామూలే.

షుగరు ఎక్కువ తక్కువలవుతున్న రోజుల్లో నంబరు నిలవదు. షుగరు అదుపులోకొచ్చి కొన్ని వారాలు అలాగే ఉన్నాక పరీక్ష చేయించండి. శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు చెప్పినంతకాలం, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఆగాలి. పాత జోడు తప్పక తీసుకెళ్ళండి. పాతదానికీ కొత్తదానికీ యాక్సిస్ బాగా మారితే, అలవాటు కష్టం అక్కడినుంచే రావచ్చు. అప్పుడు నేరం ప్రోగ్రెసివ్ మీద పడుతుంది.

ఫ్రేము

కంటిపాప నుంచి ఫ్రేము అడుగు దాకా చోటు ఉండాలి. ప్రతి డిజైన్‌కీ కంపెనీ ఒక కనీస ఎత్తు చెబుతుంది. అది 14 కావచ్చు, 16 కావచ్చు, 18 కావచ్చు. ఫ్రేము లోతు, అంటే బిళ్ళ నిలువు కొలత, 30 మి.మీ. ఉంటే చాలా డిజైన్లు పడతాయి. 26, 28 ఉన్న సన్న ఫ్రేముల్లో పొట్టి కారిడారే గతి, పొట్టి కారిడార్ అంటే పక్క మసక ఎక్కువ. కంటిపాప పైన కూడా పది పన్నెండు మి.మీ. ఉండాలి, లేకపోతే దూరం చూపుకి చోటు ఉండదు. ముక్కు వైపు కింద కోసేసినట్టు ఉండే ఏవియేటర్ ఆకారాలు వద్దు. చదివేటప్పుడు కళ్ళు లోపలికి తిరుగుతాయి, దగ్గర చూపు భాగం కూడా అందుకే ఒక్కో కంటికి రెండు రెండున్నర మి.మీ. ముక్కు వైపు జరిగి ఉంటుంది. ఆ ఫ్రేములు సరిగ్గా ఆ ముక్కనే కోసి పారేస్తాయి.

కాడ లోపల 52□18 140 అని అచ్చు ఉంటుంది. 52 బిళ్ళ వెడల్పు, 18 మధ్య వంతెన. రెండూ కలిపితే 70. మీ పీడీ 62 అయితే ఒక్కో బిళ్ళని 4 మి.మీ. లోపలికి జరపాలి. ఇంతకన్నా పెద్ద ఫ్రేము తీసుకుంటే మైనస్ నంబరువాళ్ళకి అంచు లావవుతుంది, కొన్న లెన్సులో మసక పక్కలే ఎక్కువ మిగులుతాయి.

మొదటి ప్రోగ్రెసివ్‌కి ముక్కు ప్యాడ్లు ఉన్న మెటల్ ఫ్రేము తీసుకోమనే నా సలహా. తరవాత ఒక మి.మీ. పైకో కిందికో జరపాలంటే ప్యాడ్లు వంచితే సరి. ప్లాస్టిక్ ఫ్రేములో వంతెన ఎలా పోశారో అంతే. మన వైపు ఉక్కపోతలో చెమటకి జారే ప్లాస్టిక్ ఫ్రేము, కొలిచిన ఎత్తుని సాయంత్రానికి రెండు మి.మీ. కిందికి దించేస్తుంది.

చుక్క

ఈ పోస్టు రాసిందే ఈ భాగం కోసం. వరస ముఖ్యం: ముందు ఫ్రేము ముఖానికి సరిచేయాలి, ఆ తరవాతే కొలవాలి. చాలా కొట్లలో తిరగబడేది ఇదే. కొత్త ఫ్రేము అలాగే పెట్టి కొలిచేస్తారు, బిళ్ళలు బిగించి ఇచ్చే రోజున కాడలు వంచి ప్యాడ్లు సర్దుతారు. అప్పటికి ఎత్తు మారిపోయి ఉంటుంది.

సరిచేయడం అంటే ఇవి చూడాలి. ఎదురుగా చూస్తే రెండు బిళ్ళలూ కనుబొమ్మలకి సమంగా ఉండాలి. కాడ వంపు సరిగ్గా చెవి వెనక మొదలవ్వాలి, ముందుగా మొదలైతే ఫ్రేముని వెనక్కి లాగి పైకెత్తుతుంది, వెనకగా మొదలైతే జోడు జారుతుంది. ప్యాడ్లు ముక్కుకి అంచుతో కాకుండా నిండుగా ఆనాలి. కంటికీ బిళ్ళకీ మధ్య 12 నుంచి 14 మి.మీ., రెప్ప వెంట్రుకలు తగలనంత దగ్గరగా ఉంటే మరీ మంచిది. దగ్గరయ్యేకొద్దీ అదే కారిడార్ వెడల్పుగా కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే బిళ్ళ అడుగుభాగం బుగ్గ వైపు 8 నుంచి 12 డిగ్రీలు వాలి ఉండాలి. నిట్టనిలువుగా ఉన్న ఫ్రేములో చదవడం కష్టం. చివరగా తల కిందికి వంచి ఊపి చూడండి, జోడు జారకూడదు.

ఇక కొలత. కొలిచేవారు మీ ఎదురుగా, మీ కళ్ళ ఎత్తుకి తమ కళ్ళు వచ్చేలా, చేతి దూరంలో కూర్చోవాలి. కౌంటరు వెనక నిలబడి పైనుంచి చూస్తూ పెడితే చుక్క స్థానం తప్పుతుంది. మీరు కుర్చీలో ఉంటే ఆయనా కుర్చీ లాక్కోవాలి. ఆయన తన కుడి కన్ను మూసుకుంటారు. మీరు ఆయన తెరిచి ఉంచిన ఎడమ కంటిలోకి చూడాలి. ఫ్రేములో ఉన్న ఉత్తుత్తి బిళ్ళ మీద, మీ కుడి కంటిపాప నడిమధ్యన సన్న మొన మార్కరుతో చుక్క పెడతారు. తరవాత ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరుస్తారు, మీ ఎడమ కంటికి చుక్క. ఫ్రేములో బిళ్ళ లేకపోతే సెల్లోటేపు అంటించి దాని మీద పెట్టొచ్చు. లావు మార్కరు వద్దు, చుక్కే రెండు మి.మీ. ఉంటే కొలతలో ఏం మిగులుతుంది?

చుక్కలు పెట్టాక జోడు తీసేసి, మళ్ళీ మీ చేత్తో మీరే పెట్టుకోండి. లేచి నిలబడండి, నాలుగడుగులు నడవండి, రోడ్డవతల బోర్డు చూడండి. చుక్కలు ఇంకా కంటిపాప మధ్యనే ఉన్నాయా? కుర్చీలో కొలతకని నిటారుగా బిగుసుకుని కూర్చున్నవాళ్ళు నిలబడగానే మామూలుగా గూని వేస్తారు, చుక్క కదిలిపోతుంది. నిలబడ్డప్పటి స్థానమే నమ్మదగ్గది. డ్రైవింగే వృత్తిగా ఉన్నవాళ్ళకి, గడ్డం ఎత్తి నడిచే అలవాటున్నవాళ్ళకి ఒక మి.మీ. కిందికి తగ్గించడం వాడుకలో ఉంది. అంతకు మించి తగ్గించొద్దు.

ఎత్తుని ఎక్కడిదాకా కొలవాలన్నదాంట్లో కూడా తప్పులొస్తాయి. చుక్క కింద సూటిగా తగిలే అంచు దాకా కాదు, బిళ్ళ మొత్తంలో అట్టడుగు మట్టం దాకా కొలవాలి. అడుగు ఏటవాలుగా ఉన్న ఆకారాల్లో ఈ రెంటికీ ఒకటి రెండు మి.మీ. తేడా వస్తుంది. కుడికి 20, ఎడమకి 21 వస్తే అలాగే రాయాలి. "ఇరవైన్నర వేసేద్దాం లెండి" అంటే ఒప్పుకోకండి. ఫ్రేము వంకరగా ఉండి ఆ తేడా వచ్చిందా అని మాత్రం ఒకసారి చూడమనండి.

పీడీ కూడా ఒక్కో కంటికీ విడిగా కావాలి. మెషీన్ చీటీలో 62 అని మొత్తంగా వస్తుంది. దాన్ని సగం చేసి 31, 31 వేయడం సులువే, కానీ ముక్కు ముఖానికి నడిమధ్యన ఉన్నవాళ్ళు తక్కువ. కుడి 32, ఎడమ 30 ఉన్న మనిషికి 31, 31 వేస్తే రెండు కళ్ళూ తలా ఒక మి.మీ. దారి తప్పుతాయి. పైన చెప్పిన మూడున్నర మి.మీ. గట్టు గుర్తుందిగా. పీడీ కొలిచే చిన్న యంత్రం, పుపిలోమీటర్, ఉన్న కొట్టయితే అర మి.మీ. దాకా చెబుతుంది.

ఒక మి.మీ.కి ఇంత రభస ఎందుకంటే, కంటి గుడ్డు తిరిగే కేంద్రానికీ బిళ్ళకీ మధ్య ఇంచుమించు 27 మి.మీ. దూరం. అంటే బిళ్ళ మీద ఒక మి.మీ. దిగాలంటే కన్ను రెండు డిగ్రీలు కిందికి తిరగాలి. 14 మి.మీ. కారిడార్‌కే 27 డిగ్రీలు అవుతాయి. బిళ్ళ రెండు మి.మీ. కిందికి బిగించారంటే మరో మూడు నాలుగు డిగ్రీలు. కళ్ళు అంత దించడం మాని మనిషి గడ్డం ఎత్తడం మొదలుపెడతాడు. సాయంత్రానికి మెడ నొప్పి.

కొట్టుకెళ్ళి మొహమాటపడకుండా అడగాల్సిన మాట ఇంతే: "బాబూ, ఫ్రేము ముందు నా ముఖానికి సర్ది, చుక్క పెట్టి ఎత్తు కొలవండి. ఎడమ కుడి పీడీ వేరువేరుగా రాయండి." అర్థమైన కొట్టు వెంటనే మార్కరు తీస్తుంది. "అవసరం లేదండీ, ల్యాబ్ వాళ్ళు చూసుకుంటారు" అన్న కొట్లో ప్రోగ్రెసివ్ చేయించొద్దు, రీడింగ్ గ్లాసులు కొనుక్కోండి. ల్యాబ్‌లో మీ ముఖం ఉండదు కదా. పరీక్ష విశాఖలో చేయించి జోడు గుణుపురంలో చేయించుకోవడంలో తప్పేమీ లేదు. చీటీలో ఎత్తు ఉండదు గనక అది జోడు చేసే చోటే కొలవాలి. తమ్ముడి చేత ఫ్రేము పంపించి చేయించడం, ఆన్‌లైన్‌లో పీడీ ఒక్కటే ఇచ్చి తెప్పించడం మాత్రం జూదం.

ఆర్డరు కాగితం ఫొటో తీసుకోండి. నంబర్లు, ఆడ్, రెండు పీడీలు, రెండు ఎత్తులు, ఫ్రేము కొలతలు, డిజైన్ పేరు, కారిడార్ పొడవు, ఇండెక్స్ (బిళ్ళ ఎంత పలచగా వస్తుందో చెప్పే అంకె), కోటింగ్, ఇవన్నీ అందులో ఉండాలి. బిళ్ళ వెనక పక్కని మీ కొలతలకి తగ్గట్టు చెక్కే (ఫ్రీఫారం) ఖరీదైన డిజైన్లు తీసుకుంటే వాలు, కంటి దూరం, ఫ్రేము వంపు కూడా పంపాలి. ఆ మూడూ ఖాళీ వదిలేస్తే ల్యాబ్ సగటు అంకెలు వేసుకుంటుంది, మీరు కట్టిన అదనపు డబ్బు సగం వృథా.

ఇండెక్స్ గురించి రెండే మాటలు. నంబరు రెండు మూడు లోపు ఉంటే మామూలు 1.50 ప్లాస్టిక్ చాలు, చూపు తేటదనంలో దానికి మించింది లేదు. 1.67, 1.74 పలచగా ఉంటాయి, పెద్ద నంబర్లకి పనికొస్తాయి, కానీ పక్కలకి రంగు అంచులు ఎక్కువ చూపిస్తాయి. పాలికార్బొనేట్‌దీ అదే తీరు, అయితే అంత సులువుగా పగలదు. చిన్న నంబరుకి 1.74 అంటగడుతుంటే వద్దనండి.

జోడు చేతికొచ్చిన రోజు

బిళ్ళల మీద పసుపు, తెలుపు సిరా గీతలు ఉంటాయి. వాటిని తుడవకముందే పెట్టించుకోండి. మీరు రాకముందే శుభ్రంగా తుడిచి కవరులో పెట్టి ఉంచడం కొట్ల మర్యాద, మనకి కావలసింది ఆ మర్యాద కాదు. ప్లస్ ఆకారంలో ఉండే గుర్తుని ఫిట్టింగ్ క్రాస్ అంటారు. మీరు సూటిగా దూరం చూస్తుంటే రెండు క్రాసులూ రెండు కంటిపాపల మధ్యన ఉండాలి. పక్కలకైనా పైకిందలకైనా ఒక మి.మీ. దాకా తేడాని అమెరికా ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అడ్డగీతలు సమంగా ఉండాలి, ఒక బిళ్ళ తిరిగి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

సిరా తుడిచేసి ఉంటే కంగారు లేదు. ప్రతి బిళ్ళ మీదా చెరగని చిన్న చెక్కుళ్ళు రెండు ఉంటాయి, వాటి మధ్య దూరం 34 మి.మీ. చెవి వైపు చెక్కుడు కింద ఆడ్ అంకె, ముక్కు వైపు దాని కింద డిజైన్ గుర్తు. బిళ్ళ మీద ఊది, నల్లటి గుడ్డ ముందు పట్టి, ట్యూబులైటు పక్కనుంచి పడేలా వంచితే కనిపిస్తాయి. కంపెనీ ఇచ్చే చార్టు మీద ఆ రెంటినీ కలిపి పెడితే క్రాస్ మళ్ళీ గీయొచ్చు. ఆడ్ 2.00 ఆర్డరు ఇస్తే అక్కడ 20 అని ఉందో లేదో అప్పుడే చూసుకోండి.

నంబరు కొలిచే యంత్రం, లెన్సోమీటరు, మీద దూరం నంబరుని క్రాస్‌కి పైన గుర్తుపెట్టిన దూరం వలయంలోనే చూడాలి, క్రాస్ దగ్గర కాదు. క్రాస్ దగ్గర పవర్ అప్పటికే ఎక్కడం మొదలై ఉండొచ్చు. చెక్కుళ్ళ మధ్య గీత మీద నడిమధ్యన కొంత ప్రిజం (చూసేదాన్ని కాస్త జరిపి చూపించే గుణం) కనిపిస్తే ఉలిక్కిపడొద్దు. బిళ్ళ పలచబరచడానికి ల్యాబ్ వేసేదది, ఆడ్‌లో మూడింట రెండొంతులు ఉంటుంది. రెండు బిళ్ళల్లోనూ సమానంగా ఉందా అన్నదే చూడాలి. తేడా ఉంటే తలనొప్పి, ఒక్కోసారి రెండేసి కనిపించడం.

ఇక పెట్టుకుని తిరిగినప్పుడు వచ్చే ఫిర్యాదులు. ప్రతి ఫిర్యాదూ ఏదో ఒక కొలత వైపే వేలు చూపిస్తుంది.

చదవడానికి గడ్డం ఎత్తాల్సి వస్తోందంటే బిళ్ళ కిందికి ఉంది. ప్యాడ్లు దగ్గరగా నొక్కితే ఫ్రేము పైకి లేస్తుంది, ఒకటి రెండు మి.మీ. అక్కడే సర్దుకుంటుంది. దూరం చూడాలంటే గడ్డం దించాల్సి వస్తోంది, రోడ్డు మసకగా ఉంది అంటే బిళ్ళ పైకి ఉంది. ప్యాడ్లు వెడల్పు చేయాలి. చదివేటప్పుడు పేపరుని ఒక పక్కకి జరపాల్సి వస్తోందా, పీడీ తప్పింది. ఒక్కో కన్నూ మూసి చూడండి, ఏ కంటికి పక్కకి జరపాల్సొస్తే ఆ బిళ్ళది తప్పు. దీన్ని ప్యాడ్లతో సరిచేయలేరు, బిళ్ళ మళ్ళీ చేయాల్సిందే. చదివే చోటు మరీ సన్నంగా ఉందంటే ముందు జోడుని కళ్ళకి దగ్గర చేసి, వాలు కాస్త పెంచి చూడమనండి, చాలాసార్లు అంతటితో తీరిపోతుంది. పక్కలకి తల తిప్పినప్పుడు నేల ఊగినట్టు ఉండడం మాత్రం తప్పు కొలత కాకపోవచ్చు, అది అలవాటయ్యేదే.

అలవాటుకి ఒకటి రెండు వారాలు పడుతుంది. పొద్దున్న లేవగానే పెట్టుకుని రాత్రిదాకా ఉంచాలి, మధ్యలో పాత బైఫోకల్ తీయకూడదు. పక్కకి చూడాలంటే కళ్ళు కాదు, ముక్కు తిప్పండి. మెట్లు దిగేటప్పుడు గడ్డం ఛాతీ వైపు దించి బిళ్ళ పైభాగంలోంచి మెట్టుని చూడాలి. దగ్గర చూపు భాగంలోంచి చూస్తే మెట్టు అంచు మసకవుతుంది, పెద్దవాళ్ళు పడేది అక్కడే. నడకకి, గుడి మెట్లకి దూరం నంబరు ఒక్కటే ఉన్న జోడు వేరే పెట్టుకోమని అరవై ఐదు దాటినవాళ్ళకి చెబుతాను. సుంకి ఘాటు లాంటి మలుపుల కొండదారిలో బండి నడపడం మొదటి వారంలో వద్దు. హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు తిన్నగా ఉండే సన్న కాడల ఫ్రేము చూసుకోవాలి. హెల్మెట్ లోపలి స్పంజి కాడలని నొక్కి జోడుని రెండు మి.మీ. పైకి నెడితే క్రాసులు కంటిపాపలకి అంత పైకి పోతాయి. ఎండకి నల్లబడే బిళ్ళలు కారు అద్దం వెనక పెద్దగా నల్లబడవు, ఆ అద్దం అతినీలలోహిత కిరణాలని ఆపేస్తుంది గనక. డ్యాష్‌బోర్డు మీద ఎండలో జోడు వదిలేస్తే కోటింగ్ పగుళ్ళిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పడనివాళ్ళు ఉంటారన్నాను కదా. రెండు కళ్ళ నంబర్ల మధ్య తేడా ఎక్కువున్నవాళ్ళు మొదటివారు. కుడి -1.00, ఎడమ -4.00 అయితే, చదవడానికి చూపు ఒక సెంటీమీటరు దిగేసరికి రెండు కళ్ళ మధ్య మూడు ప్రిజంల నిలువు తేడా వస్తుంది. అంత తేడాని సర్దుకోవడం చాలామంది వల్ల కాదు. వాళ్ళకి పొట్టి కారిడార్, లేదా చదవడానికి వేరే జోడు. రెండోవారు పనిలో తల ఎత్తి దగ్గర వస్తువు చూడాల్సినవాళ్ళు. పై అరల్లో సరుకు తీసే కిరాణా కొట్టువాళ్ళు, స్తంభం మీద వైరు కలిపే ఎలక్ట్రీషియన్లు. దగ్గర నంబరు అడుగున ఉంటే వాళ్ళకేం లాభం? మగ్గం ముందు, కంప్యూటరు ముందు రోజంతా కూర్చునేవాళ్ళకి ఆఫీసు లెన్సులని వేరే రకం ఉంది, అందులో దూరం చూపు రెండు మూడు మీటర్లకే పరిమితం గానీ మధ్య దారి చాలా వెడల్పు. పని దగ్గర అది, బయటికి ప్రోగ్రెసివ్. ఒక్క జోడుతో అన్నీ జరిగిపోవాలని పట్టుబడితే ఏదీ పూర్తిగా జరగదు.

చాలా కంపెనీలు అలవాటు కాకపోతే ఒకసారి బిళ్ళలు మార్చి ఇస్తాయి. అది ఎన్ని రోజుల్లోపు, ఏ షరతు మీద అన్నది బిల్లు మీద రాయించుకోండి. మార్చి ఇచ్చేటప్పుడు మళ్ళీ చుక్క పెట్టారో లేదో చూడండి, పాత కాగితంలోని ఎత్తే మళ్ళీ పంపితే అదే తప్పు కొత్త బిళ్ళల మీద వస్తుంది. రెండో జోడు చేయించేటప్పుడూ అంతే. పీడీ మారదు, పాత కాగితంలోది వాడుకోవచ్చు. ఎత్తు మాత్రం ఆ ఫ్రేముది, ఫ్రేము మారితే మార్కరు మళ్ళీ తీయాల్సిందే.